గోనెసంచుల ఊళ్లో ఒక జనవరి వారం

స్కాట్లాండ్ అనగానే మనవాళ్లకు ఎడిన్‌బరా కోట, గ్లాస్గో యూనివర్సిటీ గుర్తొస్తాయి. డండీ పేరు చెబితే "అదెక్కడ?" అంటారు. ఎడిన్‌బరా నుంచి రైలెక్కి ఉత్తరంగా గంటంబావు ప్రయాణం చేస్తే టే నది మీద పొడవాటి వంతెన వస్తుంది. అది దాటగానే డండీ. జనాభా లక్షన్నర లోపే, మా విజయనగరం కంటే చిన్న ఊరు. సెప్టెంబరు నుంచి ఇక్కడ డేటా సైన్స్‌లో ఎంఎస్సీ చదువుతున్నాను. మా చెల్లి కూడా రావాలనుకుంటోంది. యూట్యూబ్ వీడియోల్లో కోటలూ మంచూ తప్ప ఏమీ కనబడటం లేదట, మామూలు రోజులు ఎలా గడుస్తాయో రాసి పంపమని ఒకటే పోరు. అందుకని జనవరి చివర్లో ఒక వారం ఏ రోజుకారోజు రాసి పెట్టుకున్నాను.

సోమవారం

పొద్దున్న ఏడింటికి లేస్తే కిటికీ అవతల నడిరాత్రిలా ఉంది. ఈ నెలలో ఎనిమిదింబావు దాటితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగున్నరకల్లా వెళ్లిపోతాడు. డిసెంబరులో అయితే మూడున్నర దాటగానే చీకటి. స్కాట్లాండ్‌లో ఎండ బాగా కాసే ఊరని డండీకి పేరుందని ఎవరో చెబితే వేళాకోళం అనుకున్నాను. నిజమేనట. మిగతా ఊళ్లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. చలికాలమంతా రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి మాత్ర వేసుకోమని ఇక్కడి ఆరోగ్యశాఖ అందరికీ చెబుతుంది. చెల్లీ, సూట్‌కేసులో పచ్చడి డబ్బాలు నాలుగు తగ్గినా ఫర్వాలేదు, ఈ మాత్రలు మాత్రం వచ్చిన వారంలోనే కొనుక్కో.

మేముండేది పెర్త్ రోడ్డు దగ్గర పాత రాతి భవనం, మూడో అంతస్తు. నలుగురం ఆడపిల్లలం: నేను, గుంటూరు అమ్మాయి, కరీంనగర్ అమ్మాయి, నైజీరియా నుంచి వచ్చిన ఇంకొకామె. బంధుత్వం లేని ముగ్గురు, అంతకు మించి ఒక ఇంట్లో ఉంటే ఇక్కడ ఇంటి యజమాని దగ్గర ప్రత్యేక లైసెన్సు ఉండాలి. అది ఉందో లేదో చూడకుండా అడ్వాన్సు కట్టకూడదు. అద్దె ఒప్పందానికి గడువు తేదీ అంటూ ఉండదు. కట్టిన డిపాజిట్ యజమాని జేబులోకి పోకుండా మధ్యవర్తి సంస్థ దగ్గర ఉంటుంది. ఇవన్నీ స్కాట్లాండ్ చట్టాలు, లండన్ స్నేహితులు చెప్పే సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి.

తొమ్మిదింటికి క్లాసు. వాన అంటే నిలువుగా పడేదని చిన్నప్పటి నుంచి నా నమ్మకం. ఇక్కడ నది మీది గాలి దాన్ని అడ్డంగా మొహానికి కొడుతుంది. గొడుగు శుద్ధ దండగ, టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ కోటే శరణ్యం. క్లాసు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అటెండెన్స్ ఫోన్లో వేసుకున్నాం, స్లైడ్లు ముందే చదివి వచ్చినవాళ్లు ప్రశ్నలు అడిగారు, మిగతావాళ్లం తలలూపాం. వచ్చే సోమవారం మధ్యాహ్నం 12కి అసైన్‌మెంట్ ఇవ్వాలి. నూటికి 70 దాటితే ఇక్కడ గొప్ప మార్కులు. ఇంటర్లో 98 తెచ్చుకున్నవాళ్లం మొదటిసారి 62 చూసి ఏడుస్తాం, తర్వాత అదే 62కి పార్టీ ఇస్తాం.

ఈ యూనివర్సిటీ 1881లో కాలేజీగా మొదలైంది. డబ్బిచ్చింది మేరీ ఆన్ బాక్‌స్టర్ అనే ఆవిడ. అవిసెనార బట్ట నేయించి సంపాదించిన కుటుంబం. ఆడా మగా ఇద్దరికీ చదువు చెప్పాలని ఆవిడ ముందే షరతు పెట్టింది. ఆ కాలంలో ఇది చిన్న విషయం కాదు. ఊళ్లో ఏ పెద్ద భవనం సంగతి కదిపినా చివరికి ఒక నార మిల్లు దగ్గర తేలుతుంది. పట్టాలు ఇచ్చే కెయిర్డ్ హాల్ ఉంది కదా, అది కట్టడానికి లక్ష పౌండ్లిచ్చిన జేమ్స్ కెయిర్డ్ గోనెసంచుల వ్యాపారి. నేను ఇక్కడికి అప్లై చేసింది ఫీజు చూసి, ర్యాంకు చూసి. ఇది గోనెసంచుల ఊరని వచ్చాకే తెలిసింది. మా తాత జూట్ మిల్లులో నేతపని చేసి రిటైరైన మనిషి. ఆ సంగతి శనివారం చెబుతాను.

మంగళవారం

పోపు రోజు. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంట్లోనూ ఒకదానితో ఒకటి కలిపిన ఫైర్ అలారాలు ఉండాలని చట్టం. వంటింట్లో వేడికి మోగేది, హాల్లో, నడవలో పొగకు మోగేవి. ఒకటి మోగితే అన్నీ మోగాలి. ఎండుమిరపకాయలు నూనెలో పడ్డప్పుడు వంటింటి తలుపు ఎవరైనా తెరిచారా, ఇక ఇల్లంతా కూతలే. గుంటూరు అమ్మాయి పప్పుచారు పోపు పెడుతుంటే నైజీరియా ఆమె చాయ్ కప్పు కోసం తలుపు తీసింది. కరీంనగర్ అమ్మాయి టవల్ పట్టుకుని నడవలో అలారం కింద ఊపుతూ నిలబడింది. ఇప్పుడు మా ఇంట్లో పోపుకు ముందు "మిర్చీ!" అని గట్టిగా అరవాలని నియమం. నైజీరియా ఆమె కూడా అరుస్తుంది, వాళ్ల వంటలో మన కంటే ఎక్కువ మిరపకాయలు పడతాయి.

ఆ పక్కరోజు ఉదయం షిఫ్ట్ ఉందని తొందరగా పడుకున్నాను.

బుధవారం

స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. నేను ముసలివాళ్ల కేర్ హోమ్‌లో చేస్తాను. గంటకు 12 పౌండ్ల పైచిలుకు వస్తుంది. పనిలో చేరే ముందు ప్రభుత్వం మన పాత చరిత్ర అంతా తనిఖీ చేస్తుంది. ఆ కాగితం వచ్చేవరకు టెన్షనే. పని తేలిక కాదు. స్నానం చేయించాలి, బట్టలు మార్చాలి, మందుల వేళ చూడాలి, ప్రతిదీ ట్యాబ్‌లో ఎక్కించాలి. ఇలాంటి పనే చేస్తూ ఊళ్లో అమ్మలకు "ఆఫీసు పని" అని చెప్పుకునే కుర్రాళ్లు కొందరున్నారు. నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మీ నాయనమ్మకు చేసినట్టే కదా" అంది.

అక్కడ ఎనభై ఏడేళ్ల ఆవిడ ఒకరున్నారు. పేరు పెట్టే పిలవాలి, ఇక్కడ అదే మర్యాద. నా నోటికి ఇంకా రాదు, పేరుకు ముందు మనసులో ఒక "అమ్మమ్మ" చేర్చుకుంటాను. ఆవిడకు వినికిడి తక్కువ. మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోదు. నేను మాస్కు పెట్టుకుంటే మాత్రం కోపం వస్తుంది, నోరు కనబడాలట. ఇవాళ టీ ఇస్తూ అటు తిరిగి ఇంకొకామెతో గుసగుసగా, ఈవిడ గది ఇవాళ కడగాలి అన్నాను. అద్దంలో నా పెదాలు చూసి "నిన్ననే కడిగారు కదా" అంది ఆవిడ!

"ఎలా తెలిసింది?" అన్నాను.

"మిల్లులో ఇరవై ఏళ్లు మగ్గం నడిపాను పిల్లా. అక్కడ చెవులతో పనేముంది?"

పదిహేనేళ్లకు బడి మానేసి జూట్ మిల్లులో చేరిందట. వందల మగ్గాల మోతలో పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. అందుకని నేతగత్తెలంతా పెదాలు చూసి, చేతులతో సైగలు చేసి మాట్లాడుకునేవారు. సూపర్‌వైజర్‌ను ఆయన ఎదురుగానే తిట్టుకునేవాళ్లమని చెప్పి చాలాసేపు నవ్వింది. నేను మా తాతదీ అదే పని అన్నాను. ఇండియాలోనా అంది. అవునన్నాను. "ఓహో, మా పని పట్టుకుపోయింది మీరేనన్నమాట" అంది. కోపంగా కాదు, లెక్క సరిచూసుకున్నట్టు అంది. తర్వాత ఇంకో బిస్కెట్టు కావాలంది.

ఆవిడన్న మాట చరిత్ర ప్రకారం నిజమే. బెంగాల్ నార ఓడల్లో డండీ వచ్చేది, ఇక్కడ సంచులై ప్రపంచమంతా వెళ్లేది. క్రిమియా యుద్ధంలో రష్యా నుంచి అవిసెనార ఆగిపోయాక ఈ వ్యాపారం రెక్కలు కట్టుకుంది. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో జార్జ్ ఆక్లండ్ మొదటి మిల్లు పెట్టాడు. యంత్రాలు డండీవే. నార పండే చోటే, తక్కువ కూలికే సంచి తయారవుతుంటే ఇంత దూరం మోసుకురావడం ఎందుకు? కొన్ని దశాబ్దాల్లో కలకత్తా పక్కన హుగ్లీ నది ఒడ్డు డండీని దాటేసింది. మజా ఏమిటంటే, అక్కడ మిల్లులు నడిపే మేనేజర్లు, మేస్త్రీలుగా వెళ్లింది కూడా చాలావరకు డండీ వాళ్లే. కింద పనిచేయడానికి బీహార్ నుంచి, ఒరిస్సా నుంచి, మన గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూలీలు వెళ్లారు. కలకత్తా దగ్గరి మిల్లుల ఊరు తిటాగఢ్‌లో తెలుగు వీధులు అలా వచ్చినవే.

గురువారం

గొంతు నొప్పి. మందుల షాపుకెళితే ఫార్మసిస్టే చూసి మందిచ్చాడు, పైసా తీసుకోలేదు. స్కాట్లాండ్‌లో 2011 నుంచి డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు ఉచితం. ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకు దాదాపు 10 పౌండ్లు కట్టాలి. పూర్తి ఉచితమని కూడా అనుకోకు చెల్లీ, వీసాతో పాటే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య రుసుము ముందే లాగేస్తారు. ఆ డబ్బు గుర్తొచ్చినప్పుడల్లా నాకు గొంతు ఇంకొంచెం నొప్పి పుడుతుంది.

ఇంకో తేడా. 22 ఏళ్ల లోపు వాళ్లకు ఇక్కడ బస్సు ఉచితం, ఊళ్లోనే కాదు, స్కాట్లాండ్ మొత్తం. డిగ్రీ అవగానే వచ్చిన కరీంనగర్ అమ్మాయికి 21. కార్డు తీసుకుని అబర్డీన్ నుంచి గ్లాస్గో దాకా అన్నీ చూసేసింది. నాకు 24, నడక.

రాత్రి ఎనిమిది దాటాక సూపర్ మార్కెట్‌లో పసుపు స్టిక్కర్ల వేట. ఆ రోజుతో గడువు తీరే బ్రెడ్డు, పాలు, చికెన్ ధరలు తగ్గించి స్టిక్కర్ వేస్తారు. స్టిక్కర్ మిషన్ పట్టుకున్న ఉద్యోగి వెనకే స్టూడెంట్లందరం ఏమీ ఎరగనట్టు అల్మరాలు చూస్తూ నడుస్తాం.

శుక్రవారం

రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు జనవరి 25. 1759లో రైతు ఇంట్లో పుట్టిన కవి. ఆయన పేరు మీద ఈ నెలాఖరులో దేశమంతా విందులు. మా విద్యార్థి సంఘం వాళ్లు శుక్రవారమే కేయిలీ అనే స్కాటిష్ బృంద నాట్యం పెట్టారు. హాగిస్ వడ్డించారు: గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి ఓట్స్, ఉల్లిపాయలతో ఉడికించింది. తెల్లవాళ్లలోనే సగం మంది మొహం పక్కకు తిప్పుకుంటే కరీంనగర్ అమ్మాయి రెండోసారి వడ్డించుకుంది. "బోటీ కూరల ఉప్మా రవ్వ కలిపినట్లుంది, మంచిగనే ఉంది, కారమే లేదు" అని తీర్పు. గుంటూరు అమ్మాయి శాకాహారి, ఆమెకు పప్పులూ గింజలతో చేసిన హాగిస్ ఇచ్చారు. ఇక్కడ ఏ దుకాణంలోనైనా అది దొరుకుతుంది.

నాట్యం ఎలా ఆడాలో ఒకాయన మైకులో ముందుగా చెబుతాడు, ఫిడేలు, అకార్డియన్ వాయిస్తారు. జంటలు మారుతూనే ఉంటాయి, కాబట్టి అక్కడ ఎవరితోనూ మాట కలపకుండా ఉండటం అసాధ్యం. "స్ట్రిప్ ద విల్లో" అనే ఆటలో రెండు వరుసల మధ్య ఒకరి చేయి వదిలి ఇంకొకరి చేయి పట్టుకుంటూ గిర్రున తిరుగుతూ పోవాలి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివే విజయవాడ కుర్రాడొకడు విసురుగా తిరిగి ఏకంగా కుర్చీల మీద పడ్డాడు. రెండు నిమిషాల్లో మళ్లీ వరుసలోకి వచ్చాడు. సెప్టెంబరు నుంచి క్లాసులో పక్కనే కూర్చుంటూ "హాయ్" మించి మాట్లాడని స్కాటిష్ అమ్మాయి ఇవాళ నా అసైన్‌మెంట్ ఏ దశలో ఉందో అడిగింది. ఆమెదీ మొదలవలేదట. మహా ఊరట.

శనివారం

వెర్డాంట్ వర్క్స్. 1833లో కట్టిన మిల్లు, ఇప్పుడు జూట్ మ్యూజియం. మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. ఇన్నాళ్లూ టికెట్ డబ్బులు చూసుకుని వాయిదా వేశాను. బుధవారం ఆవిడ మాటలు విన్నాక ఇక ఆగబుద్ధి కాలేదు.

లోపలికి వెళ్లగానే వాసన. మా ఊళ్లో గోగు కట్టలు చెరువులో నానేసినప్పటి కుళ్లు వాసన కాదు, అది వేరే దశ. ఇది తాత చొక్కా వాసన: ఎండిన నార, నూనె, దుమ్ము. మావైపు మిల్లుల్లో జనపనారతో పాటు గోగునార కలుపుతారు. ఆకు పచ్చడికి, కాండం మిల్లుకు. ఇక్కడికి వచ్చింది మాత్రం ఎక్కువగా బెంగాల్ జనపనారే. అది పెళుసుగా ఉండి యంత్రంలో తెగిపోయేది. డండీ రేవులో తిమింగలాలను వేటాడే ఓడలుండేవి. తిమింగలం నూనె, నీళ్లు కలిపి నార మీద చల్లితే మెత్తబడింది. ఈ ఊరి అదృష్టం ఆ నూనెలో ఉంది. తర్వాత్తర్వాత ఖనిజ నూనెలు వాడారు.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఇక్కడి జూట్ మిల్లుల్లో దాదాపు 50,000 మంది పనిచేసేవారు, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లు. కారణం మామూలే, కూలి తక్కువ. మగపిల్లలను చిన్నప్పుడు పెట్టుకుని, పద్దెనిమిదేళ్లు నిండి పెద్దవాళ్ల కూలి ఇవ్వాల్సి వచ్చేసరికి తీసేసేవారు. మొగుడు ఇంట్లో పిల్లలను చూసుకుంటూ కెటిల్ పొయ్యి మీద పెట్టడం, పెళ్లాం మిల్లుకు వెళ్లడం డండీలో మామూలు దృశ్యం. ఆ ఆడవాళ్లు గట్టిగా మాట్లాడేవారని, సమ్మెలు చేసేవారని, శనివారం రాత్రి మగాళ్లలాగే తాగేవారని అప్పటి పెద్దమనుషులు తెగ బాధపడ్డారట. వారమంతా వాళ్లు నిలబడి పనిచేస్తే వచ్చిన డబ్బుతో కట్టిన ఇళ్లలో కూర్చుని బాధపడ్డారు.

పన్నెండింటికి మగ్గం నడిపి చూపిస్తామన్నారు. మనకు సాయంత్రం అయిదున్నర, తాత టీ తాగి అరుగు మీద ఉంటాడు. గైడ్‌ను అడిగి వీడియో కాల్ చేశాను.

"ఏటే గుంటా, ఈవేళప్పుడు?" అని అరిచాడు. ఆయన మాటే అరుపు. చెవులు మిల్లులోనే పోయాయి.

నేను మాట్లాడకుండా కెమెరా మగ్గం వైపు తిప్పాను. గైడ్ పెద్దాయన స్విచ్ వేశాడు. ఒక్క మగ్గమే, అయినా నేల అదిరింది. నాడె అటూ ఇటూ కొడుతుంటే పక్కనున్న పిల్లలు చెవులు మూసుకున్నారు. తాత ఫోను దగ్గరగా పెట్టుకున్నట్టున్నాడు, తెర నిండా ఆయన కళ్లద్దాలే. కాసేపటికి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. ఆపమంటున్నాడు.

మోత ఆగాక, "ఓలే, ఎడం పక్కని పడుగు తెగిపోయిందే! ఆ బాబుని చూసుకోమను. అలగే నడిపేత్తే గుడ్డ పాడైపోద్ది" అన్నాడు.

గైడ్‌కు చెప్పాను. ఆయన వంగి చూసి, తెగిన పోగు దొరకబుచ్చుకుని ముడి వేశాడు. "మీ తాతగారికి ఉద్యోగం కావాలా?" అన్నాడు. తాతకు చెబితే, "జీతం ఎంతిత్తారో అడుగు ముందు" అని మొహం సీరియస్‌గా పెట్టాడు. తర్వాత ఇద్దరూ ముడి గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో నేను దుబాసీని. ముడి కొస మిగిలితే మళ్లీ చిక్కుకుంటుందని తాత, తన మేస్త్రీ కూడా అదే చెప్పేవాడని గైడ్. ఆయన కుర్రతనంలో ఈ ఊరి మిల్లులోనే పనిచేశాడట. 1990ల చివరికి డండీలో జూట్ మిల్లులన్నీ మూతపడ్డాయి.

బయటికి వచ్చి లోఖీ అనే పేట దాకా నడిచాను. అక్కడ కాక్స్ కుటుంబం వాళ్ల క్యాంపర్‌డౌన్ వర్క్స్ ఉండేది, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద జూట్ మిల్లు. ఇప్పుడు 86 మీటర్ల పొగగొట్టం మాత్రం రంగురంగుల ఇటుకలతో నిలబడి ఉంది. చుట్టూ షాపింగ్ సెంటర్, అపార్ట్‌మెంట్లు. పాత మిల్లులు ఊళ్లో చాలాచోట్ల ఫ్లాట్లుగా మారాయి. మా క్లాసు అబ్బాయిలు ముగ్గురు అలాంటి దాంట్లోనే ఉంటారు. గోడలు మందం, ఇల్లు వెచ్చగా ఉంటుందని చెప్పి గొప్పలు పోతారు.

ఆదివారం

వాన లేదు. మధ్యాహ్నం మ్యాగ్డలెన్ గ్రీన్ అనే పచ్చికబయలు దాకా నడిచాను. అక్కడి నుంచి టే రైలు వంతెన పూర్తిగా కనబడుతుంది. ఇప్పుడున్నది 1887 నాటిది. దాని పక్కనే నీళ్లలో మొండి స్తంభాల వరుస, పాత వంతెనవి. 1879 డిసెంబరు 28 రాత్రి తుఫానులో అది కూలితే పైనున్న రైలు రైలంతా నదిలో పడిపోయింది. ఒక్కరూ బతకలేదు. ఎడిన్‌బరా వెళ్లినప్పుడల్లా రైలు కిటికీలోంచి ఆ మొండి స్తంభాలు లెక్కపెట్టబోతాను, రైలు లెక్క పూర్తి కానివ్వదు.

ఇంటికి వచ్చేసరికి గుంటూరు అమ్మాయి గోంగూర పచ్చడి సీసా తెరిచింది. నైజీరియా ఆమె అన్నంలో కలుపుకుని తిని, ఈ మొక్క వాళ్ల దేశంలోనూ ఉంది, ఎర్ర కాయలు మరిగించి చల్లటి షర్బత్ చేస్తామని చెప్పింది. నార తీస్తారా అని అడిగాను. తీస్తారేమో గానీ తను మాత్రం తాగడమే చేసిందట. చెత్త డబ్బాలు కిందికి దించే వంతు ఎవరిదన్న దాని మీద పావుగంట వాదన అయింది. నాదేనని తేలింది.

అసైన్‌మెంట్ రేపు 12కి. గ్రాఫులు అయిపోయాయి, చివరి రెండు పేజీలు మిగిలాయి. స్కాటిష్ అమ్మాయి మెసేజ్ పెట్టింది, ఆమెకు మూడు పేజీలు మిగిలాయట. రాత్రి తొమ్మిదింటికి లైబ్రరీలో కలుసుకుందామనుకున్నాం. ఫ్లాస్కులో టీ నేను తెస్తాను, బిస్కెట్లు ఆమె తెస్తానంది.